వీపులు తిప్పిన గ్యాలరీ

బిన్సార్ మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా వచ్చినప్పుడు నా ఇంటి వెనక గదిలో దిగాడు. క్లబ్బువాళ్ళే తెచ్చి దింపారు. ఒక పెట్టె, ఒక గిటారు, గోడకి తగిలించుకునే సిలువ. అంతే సామాను. సుమత్రా నుంచి వచ్చిన బతక్ తెగ మనిషి. మేం జావా వాళ్ళం కోపం వచ్చినా గొంతు పెంచం. అతను ఉప్పు అడిగినా పక్క వీధికి వినబడేది. మొదటి రోజు పొద్దున్నే, పెద్దవాళ్ళని మర్యాదగా పిలిచే పిలుపుతోనే, "పాక్ సర్కావీ, కాఫీ అయిందా!" అని కేకేస్తే, తగాదా అనుకుని ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు.

వానలు ముదిరేసరికి, బయటి ఊళ్ళలో ఓడీ ఓడీ, జట్టు పట్టికలో అట్టడుగుకి చేరింది.

నాది కాఫీ కొట్టు. స్టేడియం దక్షిణపు గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఇంటి ముందు గదిలోనే. నా భార్య కాసియెం ఉన్నప్పుడు అన్నం, పల్లీల పచ్చడి వేసిన ఆకుకూరలు కూడా అమ్మేవాళ్ళం. ఆమె పోయాక ఆ పచ్చడి నా చేతికి కుదరలేదు. మానేశాను. ఇప్పుడు కాఫీ, వేయించిన టెంపే సోయా ముక్కలు, లవంగాల సిగరెట్లు. మనుషులు వస్తారు. గేటు కోసం వస్తారు, నా కోసం కాదు.

ఆ వారమంతా కొట్టులో ఒకటే గొడవ.

"మనిషికి ఒక్క సీజనైనా ఇవ్వొద్దా?" అన్నాడు మంగలి ముదాకిర్. నాకంటే కాస్త చిన్నవాడు. ఎన్నో ఏళ్ళుగా నాకు గడ్డం గీసేది అతనే.

"ఇస్తే ఏమవుద్ది? మనం కింది డివిజన్‌కి పోతాం, వాడు విమానమెక్కి వాళ్ళూరు పోతాడు." ఇది త్రిమో. గ్యాలరీలో చేతి మైకు పట్టుకుని పాటలు పాడించేవాడు. "మన కెప్టెన్‌ని తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడు. మన ఊరోణ్ణి!"

"ఆ కెప్టెన్ పరిగెడుతుంటే నాకు మా మేనత్త గుర్తొస్తుందిరా."

"మీ మేనత్తనే ఆడించమను బాబాయ్. ఒక్క గోలన్నా కొట్టుద్ది."

నవ్వారు. ఆ నవ్వు ఆగీ ఆగకముందే త్రిమో నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు తాతా?"

అందరూ గ్లాసులు కింద పెట్టారు.

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. చాలా ఏళ్ళ కిందట మావాళ్ళు ఇనుప కంచె విరగ్గొట్టి మైదానంలోకి దూకారు. ఒకడి కన్ను పోయింది. సీజనంతా ఖాళీ గ్యాలరీల ముందు ఆడమని జట్టుకి శిక్ష వేశారు. అప్పటి నుంచి దక్షిణపు గ్యాలరీకి ఒక కట్టుబాటు ఉంది. సీసా విసరకూడదు, రాయి విసరకూడదు, బూతు మాట అనకూడదు. సొంత ఊళ్ళో ఓడిన రోజు కోచ్ ఒంటరిగా కంచె దాకా నడిచొచ్చి నిలబడాలి. కింది వరసలో అందరికంటే పెద్దవాడు తీర్పు చెబుతాడు. మాటతో కాదు. అతను కోచ్‌ని చూస్తూ నిలబడితే గ్యాలరీ జట్టు పాట అందుకుంటుంది. అంటే గడువిచ్చినట్టు. అతను వీపు తిప్పితే అందరూ తిప్పుతారు. కోచ్ లోపలికి పోయేదాకా ఎవరూ తిరిగి చూడరు. మా వీపులు చూసిన కోచ్ మర్నాడు సాయంత్రానికి ఊళ్ళో ఉండడు. క్లబ్బు అధ్యక్షుడు కూడా ఆ తీర్పు ఎన్నడూ కాదనలేదు. తిప్పిన వీపు మళ్ళీ ఇటు తిప్పితే, ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకున్నట్టు. అలా జరగడం కుర్రతనంలో ఒక్కసారే చూశాను.

ఇప్పుడు కింది వరసలో పెద్దవాణ్ణి నేను.

"నన్నడక్కండి. ఆదివారం ఓడితే చూస్తారుగా," అన్నాను.

"తిప్పేస్తాడురా తాత," అన్నాడు త్రిమో సంతోషంగా.

*

శనివారం సాయంత్రం బిన్సార్ తడిసి వచ్చాడు. బూట్లు గుమ్మం బయట వదిలి బల్ల మీద కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. తాగలేదు.

"మీరేం చేస్తారో నాకు తెలుసు పాక్." అతని వరకు అది గుసగుస. పక్కింటి గంపలో కోళ్ళు కదిలాయి.

"తెలిస్తే మళ్ళీ ఆ మాట దేనికి?"

"వెనక ఆడే నలుగురూ కొత్తవాళ్ళు. ఒకడు ఎటు పోతాడో ఇంకొకడికి తెలీదు. ఇంకొక్క నెల కలిసి ఆడారంటే గోడలా నిలబడతారు. ఒక్క నెల. ఈ వానలు తగ్గేదాకా."

"మా ఆవిడ కడుపులో గడ్డ చూసి డాక్టర్ కూడా అదే అన్నాడు. కొత్త మందు, కాస్త టైమివ్వండి అన్నాడు. ఇచ్చాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ ఇచ్చాను. చివరికి ఆమే చెప్పింది, ఇంక ఇవ్వొద్దని."

"నేను డాక్టర్ని కాను కదా పాక్."

"కావు. వాడికి చదువన్నా ఉంది."

ఆ మాటకి అతను బాధపడాలనే అన్నాను. పడ్డాడు. జేబులోంచి తెల్ల గుడ్డ పేలిక తీసి బల్ల మీద పెట్టాడు. మా ముస్లింల శవానికి చుట్టే గుడ్డ. తన మోటారుసైకిల్ హ్యాండిల్‌కి ఎవరో కట్టి పోయారట.

"మేం ఇది కప్పుకోం. మాకు సూటు తొడిగి పెట్టెలో పెడతారు. ఎవరోగానీ తెలుసుకోకుండా కట్టారు," అని నవ్వబోయాడు.

"దక్షిణం వాళ్ళు ఇలాంటివి చెయ్యరు."

"తెలుసు. తూర్పు గ్యాలరీ వాళ్ళ పని, వాళ్ళకి ఏ కట్టుబాటూ లేదు. మీరు వీపు తిప్పితే తిప్పండి పాక్, పెట్టె సర్దుకుని పోతాను. ఇంతకుముందు పోలేదా! కానీ మీరందరూ అటు తిరిగాక నేనొక్కణ్ణే ఇటుంటాను. అప్పుడు నన్ను ఎవరు చూస్తారు?"

"పోలీసులుంటారు."

"వాళ్ళుండేది గేట్ల దగ్గర. కంచె దగ్గర కోచ్ ఒంటరిగా ఉండాలని మీరే పెట్టారుగా."

నేను గ్లాసులు కడగడం మొదలుపెట్టాను. ఆ గుడ్డ పేలిక బల్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకోవడానికి ఇద్దరం ఇష్టపడలేదు.

*

ఆదివారం వాన ఆగలేదు. మొదట మావాళ్ళే గోల్ కొట్టారు. త్రిమో మైకులో గొంతు పోయేదాకా పాడించాడు. ఆట చివరికొచ్చాక కొత్తవాళ్ళు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడితే వాళ్ళ మధ్యలోంచి ఒక గోల్ పోయింది. కాసేపటికి అలాగే ఇంకొకటి.

ఈల మోగింది. బిన్సార్ బెంచీ దగ్గర్నుంచి బయల్దేరాడు. సహాయకుడొకడు గొడుగు పట్టబోతే వద్దన్నాడు. బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కంచెకి అవతల నిలబడ్డాడు. మా ఇద్దరికీ మధ్య రెండు చేతుల దూరం. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నా మొహంలోకి చూశాడు.

నేను వీపు తిప్పాను.

తొడుక్కున్న ప్లాస్టిక్ కోట్లు గరగరమన్నాయి. ఆ చప్పుడు కింది వరస నుంచి పైకి పాకింది. కింద ఉన్న నాకు పైదాకా వీపులే కనిపించాయి. తడిసిన వీపులు, మెడలు, టోపీలు. అన్ని వేల మందిలో ఒక్కరి గొంతూ లేదు. వాన చప్పుడొక్కటే.

తర్వాత వెనక పరుగు వినబడింది.

బురదలో పడే అడుగులు. ఒకరివి కాదు. తూర్పు నుంచి వస్తున్నాయి. దగ్గరికొచ్చాయి. ఆగాయి. దెబ్బ తగిలింది. తడిసిన పరుపుని కర్రతో కొట్టినట్టు. మళ్ళీ.

అతను అరుస్తాడనుకున్నాను. ఉప్పు అడిగితేనే వీధంతా వినబడే మనిషి. ఇప్పుడు అరుస్తాడు, పోలీసులకి వినబడుతుంది, వస్తారు అనుకున్నాను. అరవలేదు. ఇంకో దెబ్బ. ఏదో ముక్కుతో ఊపిరి లాగినట్టు. అంతే. చచ్చిపోయాడా? బతికే ఉండి అరవడం లేదా? ఈ రెండింట్లో ఏది నయమో తెలియలేదు.

నా పైన వీపులు బిగుసుకున్నాయి. వినబడుతోంది వాళ్ళకి. ఒక ముసలావిడ రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఒక్కరూ తిరగలేదు. తిరగాల్సింది నేను.

"తిరక్కు తాతా," అన్నాడు త్రిమో నా చెవి దగ్గర. అతని మొహం కూడా తెల్లబోయింది. "తిరిగావో, వాడు ఇక్కడే ఉండిపోతాడు."

"చంపుతున్నార్రా."

"పోలీసులొస్తారులే. కాస్త టైమివ్వు."

తిరిగాను.

ముగ్గురున్నారు. మొహాలకి గుడ్డలు. ఒకడి చేతిలో జెండా కట్టే వెదురు కర్ర. బిన్సార్ మోకాళ్ళ మీద ఉన్నాడు, చేతులు తల మీద, చెవిలోంచి నెత్తురు. వెదురు కర్రవాడు నన్ను చూశాడు. కర్ర గాల్లోనే ఆగిపోయింది. మా కట్టుబాటు వాళ్ళకీ తెలుసు. దక్షిణం గడువిచ్చిన మనిషిని ముట్టుకుంటే దక్షిణమంతా మీద పడుతుంది. కర్ర పారేసి ముగ్గురూ వచ్చిన దారినే పరిగెత్తారు.

నా పక్కవాడు తిరిగాడు. అతని పక్కవాడు తిరిగాడు. వరసలు వరసలుగా గ్యాలరీ అంతా మొహం ఇటు తిప్పింది. పైన ఎవడో జట్టు పాట ఎత్తుకున్నాడు. అందరూ అందుకున్నారు. నేను నోరు తెరవలేదు. అది ఎవరికీ కనబడలేదు.

బిన్సార్ కంచె పట్టుకుని లేచాడు. నెత్తురు కారుతున్న మనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని మాకు తల వంచాడు. ఏడుస్తున్నాడు. అతను నమ్మాడు. అధ్యక్షుడూ నమ్మాడు. కోచ్‌ని మార్చేది లేదని మర్నాడు ప్రకటించారు.

*

బిన్సార్ చెవికి కుట్లు వేయించుకుని వచ్చిన సాయంత్రమే చెప్పాను.

"నేను నీకు గడువివ్వలేదు. భయపడి తిరిగాను. పెట్టె సర్దుకుని వెళ్ళిపో."

"భయపడి ఇచ్చినా గడువు గడువే పాక్."

"నీకు ఆట చెప్పడం రాదు. ఆదివారం కూడా చూశాను. ఆ నలుగురూ నెల కాదు, ఏడాదైనా అంతే. నీకు అంత గడువు తగదు. ఈ రోజుకీ అదే అంటాను."

"సరే, అలాగే అనుకోండి. ఇంతవరకు ఎక్కడా ఎవరూ రెండోసారి అవకాశం ఇవ్వలేదు నాకు. వదిలి ఎలా పోను?"

"చస్తావు."

"మీరున్నారుగా," అన్నాడు. నా భుజం తట్టి లోపలికి పోయాడు. గిటారు వాయించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

ఎందుకంటే కట్టుబాటులో మిగతా ముక్క కూడా ఉంది. అది గుర్తు చెయ్యడానికి త్రిమో వచ్చాడు. కాఫీ అడగలేదు. కూర్చోలేదు.

"తీర్పు వెనక్కి తీసుకున్నోడు వచ్చే మ్యాచ్‌లో ఓడితే కోచ్ పక్కన గడ్డి మీద నిలబడాలి. గుర్తుందిగా తాతా?"

"గుర్తుంది."

"వాడికి పూచీ నువ్వే."

"కట్టుబాటు నాకు నేర్పకు. నువ్వు పుట్టకముందు పెట్టింది."

"నేర్పట్లేదు. అందరూ అడుగుతున్నారు, చెబుతున్నా." గుమ్మం దాకా పోయి ఆగాడు. "ఎందుకు తిరిగావు? నేను ఆగమన్నానా లేదా?"

కుర్రతనంలో నేను చూసిన ఆ ఒక్కసారి జట్టు తర్వాతి మ్యాచ్ గెలిచింది. పూచీ ఉన్న పెద్దాయన్ని భుజాల మీద ఊరేగించారు. ఓడి ఉంటే ఏం చేసేవారో ఎవరికీ తెలియదు. నేను కొందరిని అడిగాను. మొహం చాటేశారు.

కొట్టుకి మనుషులు తగ్గారు. వచ్చినవాళ్ళు నిలబడే తాగి పోతున్నారు. ఒక పొద్దున తలుపు తీస్తే గొళ్ళేనికి తెల్ల పేలిక కట్టి ఉంది. ఇది మా మతం గుడ్డే, నాకు సరిగ్గా సరిపోతుంది. విప్పి పొయ్యిలో వేశాను. బిన్సార్‌కి చెప్పలేదు. ముదాకిర్ దగ్గరికి గడ్డానికి వెళ్ళాను. కత్తి నూరాడు, నురగ రాశాడు. కత్తి గొంతు మీదికి తెచ్చి ఆగాడు.

"ఏంట్రా?" అన్నాను.

"నువ్వు గడ్డి మీద నిలబడితే కింది వరసలో నీ తర్వాత పెద్ద నేనే సర్కావీ." కత్తి తీసేశాడు. "గెలిస్తే బాగుండు."

"ఒక సీజనైనా ఇవ్వాలన్నావుగా?"

"కాఫీ తాగుతూ అన్నాను," అన్నాడు.

*

గెలవలేదు. ఆ మ్యాచ్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. మొదట్లోనే గోల్ పోయింది. ఆ తర్వాత మావాళ్ళు బంతి కోసం కాక బంతికి దూరంగా పరిగెడుతున్నట్టు కనిపించారు. గ్యాలరీ పాట మధ్యలోనే ఆగిపోయింది. నా పక్కన కూర్చున్నవాళ్ళు మెల్లగా జరిగారు. నా రెండు వైపులా సిమెంటు బెంచీ ఖాళీ అయింది.

ఈల మోగగానే త్రిమో కంచెలో ఉన్న చిన్న గేటు తీశాడు. "లే తాతా."

గడ్డి మీదికి దిగాను. ఇన్నేళ్ళలో ఆ మైదానంలో కాలు పెట్టడం అదే మొదలు. పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి. బిన్సార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మీరు లోపలికి పొండి పాక్. వాళ్ళకి కావలసింది నేను."

"గొంతు తగ్గించి మాట్లాడు."

అక్కడి నుంచి చూస్తే ఆ గ్యాలరీ నేను ఎరిగిన గ్యాలరీలా లేదు. అంత ఎత్తున, అన్ని మొహాలు. అందరూ తెలిసినవాళ్ళే, ఒక్కరి చూపులోనూ నేను లేను. కింది వరసలో ముదాకిర్ లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. అతని కళ్ళు బిన్సార్ మీదికి పోయాయి, నా మీదికి వచ్చాయి. నా మెడ మీద ఆగాయనిపించింది. గడువివ్వాలని అందరికంటే గట్టిగా వాదించినవాడు. అతనికి పెళ్ళాం ఉంది, కొట్టు ఉంది, పక్కన త్రిమో ఉన్నాడు.

వీపు తిప్పాడు.

కోట్ల గరగర మళ్ళీ పైకి పాకింది. ఈసారి నేను దాని ఇవతల ఉన్నాను.

తూర్పున గేటు కదులుతున్న చప్పుడు వచ్చింది. బిన్సార్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి పోలీసులు సిద్ధంగా ఉన్నారు. డాళ్ళు తల మీద పెట్టి, మా చుట్టూ మూగి, ఆటగాళ్ళు పోయే దారిలోకి మమ్మల్ని తోసుకుపోయారు. డాళ్ళ మీద ఏవేవో పడుతున్నాయి. నేను కళ్ళు మూసుకునే నడిచాను.

లోపల పోలీసుల ఇనుప బండి ఇంజన్ ఆపకుండా నిలబెట్టి ఉంది. అధ్యక్షుడి మనిషి ఒకడు బిన్సార్ చేతిలో పెట్టె పెట్టాడు. అతని గదిలోంచి అప్పుడే తెచ్చేశారు. అంటే అప్పుడే నా ఇంట్లోకి ఎవరో వెళ్ళి వచ్చారు.

"విమానం ఉంది. ఎక్కండి."

బిన్సార్ నన్ను ముందు ఎక్కించబోయాడు. పోలీసు అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోచ్ ఒక్కడే."

"ఈయన్ని వదిలి వెళ్ళను!" బిన్సార్ గొంతు ఆ ఇరుకు గోడల మధ్య ఉరిమినట్టయింది. "ఈయన్ని బయట వాళ్ళు..."

"ఈయన ఈ ఊరివాడు సార్. ఈయనకేం భయం? ఇల్లు ఎదురుగానే," అన్నాడు అధికారి. నిజంగానే అలా అనుకుంటున్నాడు. మొహం చూస్తే తెలిసింది.

"ఎక్కు. నీ గడువైపోయింది. నీకిచ్చిందే ఎక్కువ," అన్నాను.

"పాక్..."

"ఎక్కమన్నానా!"

అరిచాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. అతను ఎక్కాడు. ఇనుప తలుపు మూశారు. లోపలి నుంచి అతను ఏదో అంటూనే ఉన్నాడు. మొదటిసారి అతని మాట నాకు వినబడలేదు.

బండి ఉత్తరపు గేటు నుంచి పోయింది. గుంపులో సగం దాని వెంట పరిగెత్తింది. ఒక పోలీసు నన్ను దక్షిణపు గేటు దాకా తీసుకొచ్చి, గొళ్ళెం తీసి, "పో తాతా, జాగ్రత్త," అన్నాడు. తను బయటికి రాలేదు. నా వెనక గొళ్ళెం పడింది.

రోడ్డుకి అవతల నా కొట్టు కనిపిస్తోంది. తలుపు తెరిచి ఉంది. నేను వేసి వచ్చిన తలుపు. లోపల చీకటి.

గేటు నుంచి కొట్టు దాకా రెండు వైపులా మా గ్యాలరీ వాళ్ళు. త్రిమో ఉన్నాడు, ముదాకిర్ ఉన్నాడు. గొడుగుల కింద, చూరుల కింద, మధ్యలో నడవడానికి సందు వదిలి నిలబడ్డారు. ఎవరూ రాయి పట్టుకోలేదు. ఎవరూ నోరు తెరవలేదు. అందరూ నాకు వీపు తిప్పి ఉన్నారు.

తూర్పు సందులోంచి మోటారుసైకిళ్ళు వస్తున్న చప్పుడు వినబడింది. వాళ్ళకీ వినబడింది. మెడలు బిగుసుకోవడం చూశాను.

"ముదాకిర్," అన్నాను.

అతని భుజాలు కదిలాయి. తల కదల్లేదు.

నేను నడవడం మొదలుపెట్టాను.